నాలుగో వీధి గాలి పుస్తకం

ఎండకారు, 9వ రోజు

గాలి మండలికి పంపే పుస్తకం వేరే ఉంది. అందులో గోడ మీది మీటరు చూపిన అంకె రాసి సంతకం పెడతాను. ఈ పుస్తకం నాది. నా పేరు సుంకులమ్మ. ఎండకి తాళలేక నేల కింద నాపరాయిలో తొలుచుకున్న మా ఊరు నాపబిలంలో నాలుగో వీధికి గాలిచూపరిని. వీధిలో మూడువందల నలభై మందిమి ఉంటాం.

ఉదయం పని ఎప్పటిలాగే నడిచింది. ద్వారం దగ్గర తడితెరలు విప్పి, ఉప్పు పేరుకున్న చోట రుద్ది, మళ్లీ తడిపి కట్టాను. మెట్లెక్కి పైకి వెళ్లి, ఎండకి కాగి వీధి గాలిని పైకి లాగే నల్లబురుజు మూతికి చుట్టుకున్న కంపచెట్టు రెమ్మలు తీసేశాను. ఎనిమిది గంటలకే పైన రాయి మీద చెయ్యి ఆనడం లేదు. దిగి వచ్చి సున్నపుతేట పరీక్ష చేశాను. సీసా వెనక నల్లగీత గీసిన అట్ట నిలబెట్టి, చేతితిత్తితో వీధి గాలిని తేటలోకి ఊదుతాను. తేట తెల్లబడి, వెనక గీత కనబడకుండా పోయేసరికి ఎన్ని ఊపులు పడితే అదే ఆ రోజు లెక్క. మనం విడిచే చెడ్డగాలి ఎంత ఎక్కువుంటే తేట అంత తొందరగా పాలవుతుంది. పైన బయలులో తొంభై ఊపులు పడతాయి. వీధిలో ముప్ఫైకి తగ్గకూడదు.

ఇవాళ ఇరవై ఏడు. నిరుడు ఇదే రోజున ముప్ఫై ఆరు.

మీటరు మాత్రం పచ్చదీపం వెలిగించుకుని కూర్చుంది.

11వ రోజు

తేట పాతబడిందేమోనని కొత్త సున్నం తడిపి తేర్చాను. తిత్తి తోలుకి చిల్లు పడిందేమోనని నీళ్లలో ముంచి చూశాను. సీసా మార్చాను. ఇరవై ఆరు.

గాలి మండలికి ఉత్తరం రాశాను.

15వ రోజు

మండలి జవాబు వచ్చింది. మీటరు సరిగా ఉంది, నల్లబురుజులు లెక్కయంత్రం ఇచ్చిన నమూనా ప్రకారమే ఉన్నాయి, కనుక గాలి సరిపోతోంది, సున్నపుతేట మొరటు పద్ధతి కనుక దాన్ని పట్టించుకోనక్కరలేదు అని.

మీటరు ఎక్కడుందో ఒకసారి వచ్చి చూడమని నా మనవి. అది తడితెర పక్కన, నా తలకంటే ఎత్తున ఉంది. కొత్త గాలి ముందు దాన్నే తాకుతుంది. ఊళ్లోకి వచ్చిన చుట్టానికి మొదట పెట్టిన వడ్డన చూసి, ఆ ఊరంతా కడుపునిండా తింటోందని రాసినట్టుంది.

సాయంత్రం దస్తగిరి మామ వచ్చాడు. బురుజులు కట్టే మేస్త్రి. ఊరి ఏడు వీధుల బురుజుల్లో నాలుగు ఆయన చేతి మీద లేచినవే. ఉత్తరం చదివి పక్కన పడేశాడు.

"గాలి చాలకపోతే బురుజు ఇంకొంచెం లేపితే సరి. ఎత్తు పెరిగితే లాగుడు పెరుగుతాది. పైన గాలి కాగి పోతాంటే దాని ఎనకాలే ఇంకో గాలి లోపలికి వస్తాది. బడికి పోయిన ప్రతోడికీ తెల్సు ఇది. దీనికి ఇన్ని రాతలెందుకుమే?"

"ఎందుకు తగ్గిందో తెలీకుండా ఎట్ల కడ్తావు మామా?"

"ఇల్లు కారతాంటే ముందు గుడ్డ కప్పుతావా, వాన యాడ నుంచి వచ్చిందని పంచాంగం సూస్తావా?"

"చెమ్మ పైనుంచి కాకుండా అడుగునుంచి వస్తాంటే? గుడ్డ కప్పి ఏం లాభం?"

ఆయన నవ్వాడు. నాలుగు రోజుల్లో రాయి ఎక్కించడం మొదలుపెడతానన్నాడు. నేను అడ్డుపడలేదు. నా దగ్గర అంతకంటే మంచి మాట లేదు.

19వ రోజు

నా మొదటి ఊహ: వీధిలో జనం పెరిగారు. ఇంటింటికీ తిరిగి లెక్కపెట్టాను. నిరుటికంటే ఇద్దరే ఎక్కువ. అయినా వదల్లేదు. నిన్న మూడో వీధిలో పెళ్లికి మా వాళ్లు రెండువందలమంది పొద్దుటినుంచి సాయంత్రం దాకా అక్కడే ఉన్నారు. నా ఊహ నిజమైతే వీధి సగం ఖాళీగా ఉన్న ఆ పూట ఊపులు బాగా పెరగాలి. పెళ్లిభోజనం మానుకుని కూర్చుని ఊదాను. ఇరవై ఏడు. ఒక్కటి పెరిగింది.

ఊహ కొట్టేశాను. పప్పన్నం పోయింది, తప్పుడు ఊహ కూడా పోయింది.

24వ రోజు

బురుజు ఆరడుగులు లేచింది. పైన ఎండలో ముగ్గురు మేస్త్రీలు తడిగుడ్డలు చుట్టుకుని, గంటకొకరు చొప్పున దిగి పడుకుని లేచి, ఐదు రోజుల్లో కట్టారు. లాగుడు నిజంగా పెరిగింది. వీధిలో నిలబడితే చెంపకి గాలి తగులుతోంది. జనం చప్పట్లు కొట్టారు. మామ మీసం తుడుచుకున్నాడు.

పొద్దున ఊపులు ఇరవై మూడు. మధ్యాహ్నం పంతొమ్మిది.

మూడుసార్లు ఊదాను. మామ నా చేతిలోంచి తిత్తి లాక్కుని తానూ ఊదాడు. పద్దెనిమిది. తిత్తి కింద పెట్టి సీసాని వెలుతురుకి ఎత్తి చూశాడు.

"గాలి ఎక్కువైంది," అన్నాడు చివరికి. "మంచిది తక్కువైంది. ఇదేం సోద్యం?"

27వ రోజు

కుళ్లాయప్ప పోయాడు.

వీధి చివర, బావికి ముందున్న ఇల్లు. గుంటమగ్గం మీద నేసేవాడు. కాళ్లు గుంటలో ఉంటాయి, ఒళ్లు పైకుంటుంది. పంచె అంచు నేసేటప్పుడు కండె జారితే ముఖం గుంటలోకి వంచి వెతుక్కుంటాడు. మధ్యాహ్నం రెండింటప్పుడు ఆయన భార్య ఈరమ్మ నీళ్లకి వెళ్లి వచ్చేసరికి గుంటలోకి ఒరిగిపోయి ఉన్నాడు. లాగడానికి దిగిన ఇద్దరికి కళ్లు తిరిగాయి. తాడు వేసి ఎత్తాం. అప్పటికే అయిపోయింది.

తిత్తి గొట్టం గుంటలోకి దింపి ఊదాను. రెండో ఊపుకే తేట పాలు.

మండలి డాక్టరు వచ్చి గుండె ఆగిందని రాసి వెళ్లాడు. గుండె ఆగకుండా ఎవరు పోతారు? ఏది ఆపిందో అడిగితే ఆయన సంచి సర్దుకున్నాడు.

28వ రోజు

మండలి ఉత్తర్వు. ఏడు వీధుల్లోనూ "గాలి చాలడం లేదన్న ఫిర్యాదుల దృష్ట్యా" బురుజుల్లో పెద్ద ఫ్యాన్లు బిగిస్తారు. లాగుడు నాలుగింతలవుతుందట. ఎండకారు నలభై ఆరో రోజున అన్నీ ఒకేసారి తిప్పుతారు.

లాగుడు కొంచెం పెరిగితే పంతొమ్మిదికి పడింది. నాలుగింతలైతే?

30వ రోజు

నిన్నా ఇవాళా పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాను. పొద్దున మెరుగు, మధ్యాహ్నం అధ్వానం. ఎండ మండేటప్పుడు బురుజు గట్టిగా లాగుతుంది. గట్టిగా లాగినప్పుడే గాలి చెడుతోంది. అంటే లాగిన గాలి ద్వారం గుండా రావడం లేదు. మరి ఎక్కడినుంచి?

కుళ్లాయప్ప పోయిన రోజునుంచీ మామ పడగొట్టేస్తానంటున్న ఆ ఆరడుగుల కట్టడమే నాకీ సంగతి చెప్పింది. ఆయన కట్టకపోయుంటే నేనింకా జనాన్ని లెక్కపెడుతూ ఉండేదాన్ని. ఆ మాటే ఆయనతో అంటే మొహం కొంచెం విచ్చుకుంది.

అగరవత్తి వెలిగించి నేల మీద పాకుతూ వీధంతా తిరిగాం. ద్వారం దగ్గర పొగ లోపలికి మెల్లగా వంగింది. వీధి మధ్యలో నిలువుగా లేచింది. కుళ్లాయప్ప గుంట అడుగున వేలు పట్టేంత నెర్రె ఒకటుంది. తాడుకి కట్టి వత్తిని దాని దగ్గరకి దింపాం. పొగ నెర్రెనుంచి విసురుగా ఇటు కొట్టింది. అడుగునుంచి గాలి వస్తోంది. ఒక్క క్షణం తర్వాత వత్తి ఆరిపోయింది.

బావిలో నీటిమట్టం తెలిపే గుర్తురాళ్లు చూశాను. నిరుటికంటే నీళ్లు రెండు నిలువులు దిగిపోయాయి. ఇన్నాళ్లూ నీళ్ల కింద మూసుకుపోయి ఉన్న రాతి సందులు ఇప్పుడు తెరుచుకుని ఉండాలి. వాటి వెనక ఏనాటి నుంచో నిలవున్న చెడ్డగాలి ఉండాలి. దానికి తోడు, పైన ఎండ ఎక్కువైందని రెండేళ్ల కింద ద్వారానికి ఇంకో వరుస తెర కట్టాం. ద్వారం బిగుసుకుంది, అడుగు వదులైంది. బురుజు ఎటు తేలికైతే అటునుంచి పీలుస్తోంది.

ఇది ఊహ. రాతి లోపల నేను చూడలేదు.

"సున్నం కొట్టి నెర్రె మూసేద్దాం పట్టు," అన్నాడు మామ. గుంట పైనుంచే సున్నం పోసి మూశాం. సాయంత్రానికి పక్క గోడ కింద ఇంకో నెర్రె దగ్గర పొగ వంగింది. అదీ మూశాం. ఇంకొకటి. నాపరాయి అంతా పొరలే.

31వ రోజు

ఊహని పరీక్షించే దారి ఒకటి తట్టింది. బురుజు మూతిని చెక్కలతో సగం మూస్తే లాగుడు తగ్గుతుంది. మండలి నమూనా నిజమైతే గాలి చెడాలి. నా ఊహ నిజమైతే బాగుపడాలి. ఒక రోజు తెరిచి, ఒక రోజు సగం మూసి, అదే గంటకి, అదే చోట గాలి పడతాను. ఇంకేదీ మార్చకూడదు.

ఊపులు నేను లెక్కపెట్టకూడదు. గీత మాయమైందా లేదా అన్న ఒకటి రెండు ఊపుల తేడాలో నా కోరిక వేలు పెడుతుంది. ఈరమ్మ తను లెక్కపెడతానంది. మొగుడు పోయి నాలుగు రోజులే. వద్దనలేకపోయాను. అయితే ఆమెని రెండో వీధిలో కూర్చోబెడతానని, గాలి రబ్బరు సంచుల్లో వస్తుందని, ఏ సంచి ఏ రోజుదో, బురుజు తెరిచి ఉందో మూసి ఉందో ఆమెకి చెప్పనని అన్నాను.

ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. "నా మీద నమ్మకం లేదా నీకి?"

"నా మీదే నాకి లేదక్కా. అందుకే నేను ఊదడంలేదు. నువ్వు వాళ్ల మీద కోపంతో లెక్కపెట్టినావని రేపు ఎవరూ అనకూడదు."

లేచి కొంగు దోపుకుంది. "సంచులు పంపు," అంది.

40వ రోజు

ఎనిమిది రోజుల లెక్క, అంతా మధ్యాహ్నపు గాలి. తెరిచిన రోజులు: పదిహేను, పద్నాలుగు, పదహారు, పన్నెండు. సగం మూసిన రోజులు: ఇరవై మూడు, ఇరవై రెండు, ఇరవై నాలుగు, ఇరవై రెండు.

ఈరమ్మకి ఇవాళే చెప్పాను ఏది ఏదో. ఆమె అంకెలు తిరిగి చదువుకుంది. తర్వాత కొంగుతో ముఖం కప్పుకుంది.

పూర్తిగా మూసి కూడా ఒక గంట చూశాను. పద్దెనిమిదికి పడి ఇంకా దిగుతోంది. అప్పుడు మా ఊపిరే మాకు చాలుతుంది చంపడానికి. కాబట్టి మూయడం మందు కాదు. కానీ ఫ్యాను విషం అన్నది మాత్రం తేలింది.

41వ రోజు

మండలి పెద్ద ఇంజనీరు హైమవతి గారి గదికి వెళ్లాను. మామ, ఈరమ్మ కూడా వచ్చారు. ఆమె కఠినురాలని అంటారు. నాకు అలసిపోయిన మనిషిలా కనిపించింది. పుస్తకం మొత్తం చదివింది. అది ఒప్పుకోవాలి.

"నీ కొలత చాలా మొరటుది సుంకులమ్మా."

"మొరటుదే మేడమ్. కానీ రోజూ ఒకే రకంగా మొరటుది. తేడా దాచదు."

"ఈ నమూనా ముప్ఫై ఎనిమిదేళ్లుగా పనిచేసింది. ఒక్క వీధి చెప్పినదాన్ని బట్టి ఏడు వీధుల పని ఆపలేను."

"పనిచేసింది మేడమ్. ఎందుకు పనిచేసిందో ఎవరైనా రాసిపెట్టుంటే, ఎప్పుడు పనిచేయదో కూడా మనకి తెలిసుండేది. నమూనాలో బావి ఉందా? అడుగు నెర్రెలు ఉన్నాయా?"

ఆమె లెక్కయంత్రం తెర వైపు చూసింది. లేవని నాకు అర్థమైంది. ఆమెకీ అర్థమైందనే అనుకున్నాను.

"నా మీద కూడా పైవాళ్లున్నారు. నలభై ఆరో రోజున ఫ్యాన్లు తిరుగుతాయి," అంది.

"అయితే ముందు మా వీధిలో ఒక్కదాన్నే తిప్పండి. మేం ఖాళీ చేస్తాం."

"మూడువందల నలభై మందిని ఎక్కడ పెట్టమంటావు? అనుమతి ఇవ్వను."

బయటికి వచ్చాక మామ గట్టిగానే అన్నాడు. "లేచి పోయేదానికి అనుమతెందుకు? కాళ్లు మనవే గదా."

46వ రోజు

పొద్దున ఆరింటికే నాలుగో వీధి లేచింది. ముసలివాళ్లని మంచాలతో ఎత్తారు. చంటిపిల్లల ఉయ్యాలలు, నీళ్ల బిందెలు, మేకలు రెండు. అందరూ సంత గదిలోకి వెళ్లి నేల మీద కూర్చున్నారు. సంత ఆగింది. మిగతా వీధులవాళ్లు మొదట తిట్టారు, తర్వాత విన్నారు, తర్వాత తమ బురుజుల దగ్గర ఫ్యాను మీటల ముందు మనుషుల్ని కూర్చోబెట్టారు. నాలుగో వీధి లెక్క తేలేదాకా ముట్టనివ్వం అన్నారు.

సగం మూసి ఉంచిన బురుజు మూతి చెక్కల్ని ఫ్యాను బిగించేటప్పుడు మండలివాళ్లు తీసేశారు. ఖాళీ వీధి గోడ మీద బొగ్గుతో పెద్ద అక్షరాలు రాశాను. "ఇప్పుడు ఊపులు పన్నెండు. ఫ్యాను తిప్పిన గంటకి ఆరుకి పడతాయి. పెరిగితే నేను తప్పు. మిగతా ఆరు ఫ్యాన్లకీ నేనే బోల్టులు బిగిస్తాను. సుంకులమ్మ."

హైమవతి గారు ఇద్దరు కాపలావాళ్లతో వచ్చింది. నన్ను తీసుకెళ్లమంటుందనుకున్నాను. చేతులు వెనక్కి కట్టుకుని గోడ దగ్గర నిలబడి రాసింది రెండుసార్లు చదివింది.

"ఎవరు లెక్కపెడతారు?"

"మీరే లెక్కపెట్టండి."

ఆమె కాపలావాళ్లని పక్కకి పంపించింది. ఫ్యాను తిప్పమంది.

వీధిలో గాలి వీచింది, నిజమైన గాలి, తెరలు రెపరెపలాడేంత. తాడుకి కట్టి గాలి సంచులు లాగి తెచ్చాం. ఆమె చీర కుచ్చిళ్లు దోపుకుని నేల మీద కూర్చుని, కళ్లద్దాలు తుడుచుకుని, తిత్తి పట్టుకుంది. సంత గదంతా ఆమెతో పాటు పైకే లెక్కపెట్టింది. పన్నెండు. ఇరవై నిమిషాలకి తొమ్మిది. నలభై నిమిషాలకి నాలుగు.

నాలుగు దగ్గర గొంతులన్నీ ఆగిపోయాయి. ఆమె ఆ సంచి పక్కన పెట్టి ఇంకోటి అడిగింది. మళ్లీ నాలుగు.

తర్వాత దీపం ఒకటి తాడుకి కట్టి తనే వీధి చివరిదాకా నడిచింది. ముక్కుకి గుడ్డ కట్టుకోమన్నాను గానీ దానివల్ల లాభం లేదని నాకూ తెలుసు. ఊపిరి బిగబట్టి, కుళ్లాయప్ప గుంటలోకి దీపం దింపింది. గుంట పైఅంచు దాటకముందే ఆరిపోయింది. వెనక్కి పరిగెత్తుకు వచ్చి సంత గది గోడకి ఆనుకుని దగ్గింది. ఆ తర్వాత ఈరమ్మ ఆమె ముందుకి వచ్చి నిలబడింది.

"గుండె అని రాసినారు," అంది ఈరమ్మ.

"దిద్దిస్తాను," అంది హైమవతి గారు. "ఇవాళే."

నా అంచనా కూడా తప్పింది. ఆరు అన్నాను, నాలుగయింది. గంట అన్నాను, నలభై నిమిషాలే పట్టింది. గోడ మీద నా అంకె కొట్టేసి కింద అసలు అంకె రాశాను.

47వ రోజు

ఫ్యాన్లు విప్పుతున్నారు. సంతోషించే తీరిక లేదు. హైమవతి గారు పిలిచి సూటిగా చెప్పింది. "జబ్బేదో కనిపెట్టావు. మందు లేదు నీ దగ్గర. పద్దెనిమిది రోజులు చూస్తాను. తర్వాత నాలుగో వీధి మూసి, మీ వాళ్లని ఆరు వీధులకీ పంచేస్తాను. వేరే దారి లేదు."

సంత గదిలో పడుకున్న మా వాళ్లు ఆ మాట విన్నారు. ఎవరి గిన్నెలు వాళ్లు దగ్గరికి లాక్కున్నారు.

50వ రోజు

నాకు ఎందుకో తెలుసు. ఏం కట్టాలో తెలీదు. ఆ రెండూ ఒకటేనని ఇన్నాళ్లూ అనుకున్నాను.

ఏం కట్టాలన్న ఆ సందులోకి మామ అలవాటైన మనిషిలా దూరాడు. "లాగితే అడుగునుంచి వస్తాది గదా. తోస్తే? పైనుంచి మంచి గాలి లోపలికి తోస్తే, వీధి నిండి, చెడ్డది నెర్రెల్లోకే ఎనక్కి పోతాది. బురుజు తల తీసేసి గాలినోరు పెడ్దాం."

"గాలి ఎటునుంచి వస్తుంది?"

"నైరుతి. నలభై ఏండ్లు పైన కట్టినా. నాకి తెలీదా?"

పైన కర్రకి గుడ్డపేలిక కట్టి మూడు రోజులు చూశాం. మధ్యాహ్నం ఆయన చెప్పినట్టే నైరుతి. పొద్దున మాత్రం తూర్పు. ఆయన మొహం చిట్లించి, పాత లారీ చక్రం బేరింగు ఒకటి తెచ్చి, దాని మీద రేకు టోపీ నిలబెట్టి, వెనక తోక పెట్టాడు. గాలి ఎటు మళ్లితే నోరు అటు తిరుగుతుంది. అది నాకు వందేళ్లకీ తట్టేది కాదు.

57వ రోజు

గాలినోరు తెరిచాం. ఊపులు ముప్ఫై తొమ్మిది! నెర్రెల దగ్గర పొగ లోపలికి పీల్చుకుపోయింది. నేను కేక పెట్టాను.

మధ్యాహ్నానికి వీధి నలభై రెండు డిగ్రీలు. పైన మండే గాలిని తెచ్చి నేరుగా వీధిలో పోశాం. పరీక్షకని వచ్చి కూర్చున్న లచ్చుమవ్వ అనే ముసలామె విసనకర్ర విసిరికొట్టింది. "ఊపిరాడక సావద్దంటివి. ఉడికి సావమంటావా?"

ముప్ఫై తొమ్మిది సరైన అంకే. కానీ దాన్లో ఎవరూ బతకలేరు. నా పుస్తకంలో వేడికి గడి లేదు. ఇవాళ గీశాను.

63వ రోజు

ఉడికిపోయిన ఆ మర్నాడు మామ నిద్రలేచి చేసిన మొదటి పని, వీధి పక్కన వాడకుండా పడున్న పాత ధాన్యపు పాతర తవ్వించడం. గాలిని బురుజునుంచి నేరుగా వీధిలోకి కాకుండా పాతరలోకి దింపాడు. అక్కడ మూడు వరుసల తడికుండలు, అడుగున తడి ఇసుక. చల్లటి రాయి పక్కనుంచి నడిచి వీధిలోకి వస్తుంది. నేను కుండల వరుసలు ఒక్కొక్కటే తీస్తూ పెడుతూ కొలిచాను. రెండు వరుసలకి ముప్ఫై ఆరు డిగ్రీలు, మూడింటికి ముప్ఫై ఒకటి, నాలుగు పెడితే గాలే రావడం లేదు. మూడు.

ఊపులు ముప్ఫై ఏడు. ఈరమ్మే లెక్కపెట్టింది, సంచి ఎక్కడిదో తెలీకుండానే.

64వ రోజు

గడువుకి ఒక రోజు ముందు జనం ఇళ్లకి చేరారు. లచ్చుమవ్వ తన గడప దగ్గర కూర్చుని నన్ను పిలిచి, మాట్లాడకుండా చెయ్యి నిమిరింది. ఈరమ్మ మగ్గం గుంట రాళ్లతో పూడ్చేసింది. నేల మీద నిలబెట్టే మగ్గం కోసం మామ చెక్క కొలతలు తీసుకున్నాడు.

70వ రోజు

హైమవతి గారు గీసిన పటంతో వచ్చింది. గాలినోరు, పాతర, మూడు వరుసల కుండలు. చక్కగా గీసింది. ఏడు వీధులకీ ఇదే కొత్త నమూనా, కింద నా సంతకం, మామ సంతకం కావాలంది.

"పెట్టను," అన్నాను.

ఆమె నమ్మలేనట్టు చూసింది. "గెలిచావు కదమ్మా. ఇంకేం కావాలి?"

"ఇది నాలుగో వీధిలో, ఈ ఎండకారులో, ఏడు రోజులు పనిచేసింది మేడమ్. మిగతా ఆరు వీధుల సంగతి నాకు తెలీదు. ముప్ఫై ఎనిమిదేళ్లు మీరు ఒక పటాన్ని నమ్మారు. ఇప్పుడు నా పటాన్ని నమ్ముతారు. కుళ్లాయప్ప చచ్చింది గాలి ఒక్కదానివల్లే కాదు. పటం తప్పని చెప్పే దారి ఎవరికీ లేనందువల్ల."

"అయితే ఏం చేయమంటావు?"

"పటం కింద ఒక వరుస రాయండి. ఏం జరిగితే ఈ నమూనా తప్పో. తప్పయితే ఏం చేయాలో."

"అలాంటి వరుస ఏ మండలి పటం మీదా లేదు. పైవాళ్లు ఒప్పుకోరు. తన నమూనా తప్పు కావచ్చని మండలే రాస్తే జనం ఏమనుకుంటారు?"

మామ అప్పటిదాకా గోడకి చేరగిలి కూర్చున్నాడు. తాపీ తీసి పటం పరిచిన బల్ల మీద పెట్టాడు. ఆయన వెంట వచ్చిన మేస్త్రీలు ఐదుగురూ తమ తాపీలు దాని పక్కన పెట్టారు. మట్టి రాలి పటం మీద పడింది.

"ఆ వరుస లేకుంటే మేం రాయి ఎత్తం తల్లీ. నేను కట్టింది ఒకటి మనిషిని సంపింది. ఆరడుగులు. నా చేతులతోనే. తప్పయితే కూల్చమని రాయండి. ఆ మాట నాకి కావాల."

ఆయన ఆ లెక్క ఇన్నాళ్లూ మోస్తున్నాడని నాకు తెలీదు.

హైమవతి గారు పటం మీది మట్టి దులిపింది. తర్వాత కలం తీసి తన చేతివ్రాతతో పటం కింద రాసింది. "ఈ కట్టడం ఉన్న వీధిలో ఊపులు ముప్ఫైకి తగ్గినా, వేడి ముప్ఫై నాలుగు దాటినా, మూడు రోజులు వరుసగా అలాగే ఉంటే ఈ నమూనా ఆ వీధికి తప్పు. కూల్చండి." కింద సంతకం పెట్టింది. తర్వాత మేమూ పెట్టాం.

91వ రోజు

ఐదో వీధిలో ముప్ఫై ఐదు. ఒకటో వీధిలో ముప్ఫై మూడు. రెండో వీధిలో కట్టాక ఇరవై రెండు, ఇరవై ఒకటి, ఇరవై రెండు. వేడి ముప్ఫై ఎనిమిది. అక్కడి బురుజు గుట్ట చాటున ఉంది. గాలి నోటికి అందడం లేదేమో. ఇది ఊహ.

94వ రోజు

రెండో వీధి గాలినోరు నిన్న పొద్దున కూల్చేశారు. మామ, ఐదుగురు మేస్త్రీలు, రెండో వీధి వాళ్లు పాతికమంది. ఎవరినీ అడగలేదు. నాకూ చెప్పలేదు. పన్నెండు రోజుల పని మధ్యాహ్నానికల్లా రాళ్లకుప్ప.

హైమవతి గారు రొప్పుతూ వచ్చింది. "మండలి ఉత్తర్వు లేకుండా మండలి కట్టడం పడగొట్టారు! ఎవరు కూల్చమన్నారు?"

మామ నెత్తిమీది దుమ్ము దులుపుకున్నాడు. చొక్కా జేబులోంచి మడతపెట్టిన పటం తీసి, విప్పి, ఆమె చేతివ్రాత మీద వేలు పెట్టి చూపించాడు.

"మీరే."